కుడిచెయ్యి

బేస్తవారం పదిన్నరకి లిఫ్టు తలుపు తెరుచుకుంటే
ముందు గోళ్ల చప్పుడు,
తర్వాత మేరీరత్నంగారి దగ్గు.
నర్సాపురంలో లేసు అల్లే చేతులు ఆవిడవి.
నలభై ఏళ్లు దారం లెక్కపెట్టి లెక్కపెట్టి
మాట కూడా ముడి తప్పకుండా మాట్లాడతారు.
జీతం లేదు. ఆటో డబ్బులిస్తామన్నా తీసుకోరు.
"దీనికి పని కావాలండి,
లేకపోతే నా దారపుండలన్నీ నమిలేస్తది" అంటారు.

కుక్క పేరు పులస.
ఎర్రనీళ్లు ఊళ్లోకి వచ్చిన ఏడు
అరటిబోదె మీద కొట్టుకొస్తుంటే పట్టుకున్నారట.
తోకకి కొస లేదు.
ఒక చెవి నిలబడతది, ఇంకోటి పడుకుంటది.
పుస్తెలమ్మి కొనుక్కునే పేరు,
వచ్చింది మాత్రం ఊరికే.

నాకు కుడిపక్క పడిపోయి మూడు నెలలు.
చెయ్యి ఉంది. ఉందని ఎవరన్నా చెప్తే నమ్మాలి.
మాట కూడా దాని వెనకే పోయింది.
సఖినేటిపల్లి రేవులో పంటు మీద
ఇరవై ఆరేళ్లు అరిచిన గొంతు నాది,
ఇంజను మోతని దాటి అవతలి ఒడ్డుకి వినపడేది.
ఇప్పుడు మంచినీళ్లకి కూడా కళ్లు తిప్పాలి.

జోగేశ్వరని చిన్నపిల్ల, కసరత్తులు చేయిస్తది.
నా వేళ్లు ఒక్కోటీ విప్పి, దువ్వెన పెట్టి, పట్టీ చుట్టి
"దువ్వండి బాబాయ్, మెడ నుంచి తోక దాకా" అంటది.
మెడ నుంచి తోక దాకా.
వశిష్ఠ అంత వెడల్పు.
మొదటి వారం మెడ దగ్గరే ఆగిపోయాను.
పులస కదల్లేదు.
పక్క మంచం మీద తుంటి విరిగిన మామ్మగారు
"నా దగ్గరికి రావే, రావే" అంటుంటే
చూసింది గానీ కదల్లేదు.

వీళ్లెవరికీ తెలియంది ఒకటుంది.

పంటు మీద కుక్కలు ఎక్కకూడదని నా రూలు.
మోటారుసైకిళ్లు, కొబ్బరి బస్తాలు, పెళ్లివారు,
శవం కూడా ఎక్కొచ్చు.
ఒక ముసురురోజు ఒకటి ఎక్కింది. ఆడది, కడుపుతో ఉంది.
ఏటి మధ్యలో చూసుకున్నాను.
"టిక్కెట్టు తీసుకుందా?" అని వెనకనుంచి ఎవడో నవ్వాడు.
ఆ నవ్వుకి నాకు రోషం వచ్చింది.
గెడ కూడా అక్కర్లేకపోయింది.
ఈ చేత్తోనే.

ఈదింది. కాసేపు తల కనపడింది, బొండంకాయలాగ.
తర్వాత నేను ఒడ్డువైపు తిరిగాను,
తాడు విసరాలి కదా.
తాడు విసరాలి. నిజమే.
వెనక్కి చూడనందుకు
ఇన్నేళ్లూ ఆ కారణం సరిపోయింది.

ఇప్పుడు చెప్పుకుందామంటే నోరు లేదు.
చెప్పనక్కర్లేదని కొన్ని రాత్రులు సంతోషించాను కూడా.

పులస మాత్రం వారం వారం వచ్చి
ఆ చేతి మీదే గడ్డం పెడతది.
ఎడమది చూపిస్తాను. వాసన చూసి వదిలేస్తది.
బరువు తెలీదు నాకు. వేడి తెలీదు.
ఆరో వారం తడి తెలిసింది,
నాలుకో, ముక్కో.
గోడవైపు తిరిగి పడుకున్నాను.

తొమ్మిదో వారం వరండాలో నడిపించారు.
గొలుసు నా మణికట్టుకి కట్టారు.
నేను ఆగితే అది ఆగుతది. నేను తూలితే కూర్చుంటది.
మేరీరత్నంగారు పక్కనే, అల్లిక లెక్కలాగ,
"ఒకటి, రెండు, మూడు, జారింది, ఫరవాలేదు, విప్పేసి మళ్లీ ఒకటి."
పదకొండు అడుగులు వేశాను.
పంటు మీద అంత దూరం నడవడానికి
బీడీ అంటించుకునేంత సేపు పట్టేది కాదు.

నిన్న బేస్తవారం. వాన.
పులస తడిసి వచ్చింది.
చెవులు రెండూ పడిపోయి,
ఒంటికి అంటుకుపోయిన బొచ్చుతో,
నీళ్లలోంచి లేచొచ్చినట్టు.
నా లోపల ఎక్కడో ఇంజను దగ్గింది.
చెయ్యి దుప్పటి మీద ఒకసారి కొట్టుకుంది.
ఇంకోసారి.
"ఎ" అన్నాను. "ఎక్" అన్నాను.
జోగేశ్వరి చేతిలో దువ్వెన కింద పడింది.

"ఎక్కు."

వంకరగానే వచ్చింది. మాటే.

సిస్టరు ఒకటే కేక:
"మంచం మీదకి కుక్కలు ఎక్కకూడదు!"
నా రూలే, తెల్లబట్టలేసుకుని.

పులసకి చదువు బాగానే చెప్పారు. ఎక్కలేదు.
కాళ్లు నాలుగూ నేల మీదే ఉంచి
ఆ చేతి మీద గడ్డం పెట్టింది,
బరువుగా.